బలం బిళ్ళలు

బుడ్డోడు రెండోసారి వాంతి చేసుకునేసరికి కబుర్లపోగు గుండె గుభేలుమంది.

కబుర్లపోగంటే వాడి అక్క. పదేళ్ళ పిల్ల. నిద్రలో కూడా నోరు మూయదని ఇంట్లో అందరూ అలా పిలుస్తారు. ఇప్పుడు మాత్రం గోడకు అతుక్కుపోయి నిలబడింది.

"ఏం తిన్నాడే వీడు?" కుట్టుమిషను వదిలేసి పరుగెత్తుకొచ్చింది అమ్మ.

"ఏమో!"

ఏమో ఏమిటి, చేసిందంతా తనే! రేపు బుడ్డోడి స్కూల్లో పరుగు పందెం. మా తమ్ముడే ఫస్టొస్తాడని వీధి పిల్లలందరి దగ్గరా గొప్పలు పోయింది. వాడేమో గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. అందుకని అన్నాలయ్యాక, అమ్మ పనిలో ఉండగా, అలమరలోంచి విటమిన్ బిళ్ళల సీసా తీసింది. రోజూ అమ్మ వాడికి ఒకటిచ్చే బిళ్ళలే అవి. ఒకటి తింటేనే బలమొస్తే, బోలెడు తింటే బోలెడు బలం రాదూ? తియ్యగా ఉన్నాయని వాడు లొట్టలేసుకుంటూ తిన్నాడు.

అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని వీధి చివరి ఆస్పత్రికి పరుగు తీసింది. సీసా గౌను జేబులో దాచుకుని వెనకే కబుర్లపోగు.

"మందులేమైనా మింగాడా?" డాక్టరమ్మ అడిగింది.

"రోజూ ఇచ్చే విటమిన్ బిళ్ళ ఒక్కటేనండీ," అంది అమ్మ.

"నువ్వేమైనా పెట్టావా తల్లీ?"

అమ్మ చురుగ్గా చూసింది. "లేదండీ," అనేసింది కబుర్లపోగు.

"అయితే ఏదో తిండి పడలేదు. మందు రాస్తాను, ఇంటికి తీసుకెళ్ళండి."

గుమ్మం దాటుతుంటే బుడ్డోడు అమ్మ భుజం మీంచి తల వేలాడేశాడు. "అక్కా, కడుపు నొప్పే," అని మూలిగాడు.

అంతే, ఇక ఆగలేకపోయింది. "డాక్టర్ గారూ! ఒకటి కాదండీ! ఇంకో పన్నెండు పెట్టాను. నేనే పెట్టాను!" జేబులోంచి సీసా తీసి ఇచ్చి భోరుమంది.

అమ్మ చెయ్యి లేచింది. "తర్వాత తిడుదురుగాని," అని డాక్టరమ్మ సీసా మీది చిన్న అక్షరాలు చదివింది. ఆమె ముఖం మారిపోయింది. "ఇందులో ఐరన్ ఉంది, ఎక్కువైతే విషమే. సిస్టర్, బాబుని లోపలికి తీసుకురండి, త్వరగా!"

సూదులు, సెలైన్, రక్త పరీక్షలు. బుడ్డోడి ఏడుపు బయటికి వినిపిస్తూనే ఉంది. చీకటి పడ్డాక డాక్టరమ్మ వచ్చింది.

"ఇక భయం లేదు. రేపు కూడా ఇక్కడే ఉంచుదాం."

"విటమిన్లు మంచివే కదండీ?" కబుర్లపోగు వెక్కుతూ అడిగింది.

"మంచివేనమ్మా. కానీ దేనికైనా రోజుకింత అని ఒక హద్దుంటుంది. చిన్న ఒంటికి హద్దు కూడా చిన్నదే. నువ్వు నిజం చెప్పకుండా ఇంటికి వెళ్ళుంటే..." అమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుని ఏడ్చేసింది.

మర్నాడు పక్క మంచం దగ్గర ఒక మామ్మగారు మనవడికి టానిక్ పోస్తోంది. "ఇంకో మూత పోస్తే తొందరగా లేచి కూర్చుంటాడు," అని మళ్ళీ సీసా వంచింది.

కబుర్లపోగు ఒక్క గెంతులో వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు మామ్మగారూ! డాక్టరమ్మని అడిగి పోయండి."

"నీకేం తెలుసే, పిల్లా?"

మంచాల మీది వాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. కబుర్లపోగు ముఖం కందిపోయింది, అయినా చెయ్యి వదల్లేదు.

"మా తమ్ముణ్ణి ఇక్కడికి తెచ్చింది నేనే, మామ్మగారూ," అంది.