నాలుగో నంబరు

స్టాంపు మేడమ్ ఉడికిన గుడ్డు పెంకు వలిచి, గుడ్డును చెత్తబుట్టలోనూ, పెంకును భర్త పళ్లెంలోనూ వేసింది.

"ఏమైందే నీకు?" అన్నాడాయన పళ్లెం వంక చూసి. "శుక్రవారం నుంచీ చూస్తున్నా, నువ్వేదో లోకంలో ఉన్నావు."

"ఏం లేదండీ. కాస్త తలనొప్పి."

ఇరవై రెండేళ్ల కాపురంలో భర్తతో ఆవిడ ఆడిన అబద్ధాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇదొకటి. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏ తీగ ఎక్కడ లూజైందో చప్పుడు విని చెప్పగలడు కానీ, పెళ్లాం మనసులో చప్పుడు మాత్రం మూడు రోజులైనా ఆయనకు అంతుపట్టలేదు.

అసలు పేరు చెబితే బడిలో సగం మందికి ఆవిడెవరో తెలియదు. స్టాంపు మేడమ్ అంటే చిన్నపిల్లలు కూడా ఆఫీసు గది దారి చూపిస్తారు. మార్కుల పత్రమైనా, బదిలీ సర్టిఫికెట్టయినా ఆవిడ కిటికీ దగ్గర నంబరు వేయించుకుని, వంతు వచ్చేదాకా ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చోవాల్సిందే. ఎంత గొప్పింటి బిడ్డయినా అంతే. పిలిచాక రెండు నిమిషాల్లో పని అయిపోతుంది, కాగితం మీద గుండ్రటి స్టాంపు ఠక్కున పడుతుంది. ఇన్నేళ్లలో ఆవిడ మీద ఒక్క ఫిర్యాదు లేదు.

ఆ జాగ్రత్తకు ఒక కారణం ఉంది. ఆవిడ కంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న గుమస్తా తన మేనల్లుడి మార్కులు దిద్ది ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆవిడ చేరిన రోజునే అప్పటి ప్రిన్సిపాల్, "ఈ కుర్చీకి మచ్చ పడిందమ్మా, జాగ్రత్త," అన్నాడు. ఆ మాట ఆవిడ మనసులో నాటుకుపోయింది. సొంతమనుషుల పని ఏదైనా సరే అందరిదీ అయ్యాక ఆఖర్న చెయ్యాలని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. తర్వాత కూతురు అదే బడిలో చేరింది. బడి గేటు దాటాక తనను అమ్మా అని పిలవకూడదనీ, అందరిలాగే మేడమ్ అనాలనీ మొదటి రోజే చెప్పింది. ఆరేళ్ల పిల్ల బుద్ధిగా తలూపింది.

ఆ పిల్లకు ఇప్పుడు పదిహేడేళ్లు. ఒకటో తరగతి నుంచీ రెండో ర్యాంకు ఎరగదు కాబట్టి తండ్రి ఫస్టూ అని పిలుస్తాడు, ఇంట్లో అదే ఖాయమైపోయింది. పదేళ్ల వయసులో బాల్కనీలో ఖాళీ జామ్ సీసా పెట్టి, పడిన వానను స్కేలుతో కొలిచి నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. ఏడేళ్లయినా ఒక్క వాన వదల్లేదు. జ్వరమొస్తే తండ్రిని గొడుగేసి పంపేది. వాతావరణ శాస్త్రం చదవాలన్నది ఒక్కటే ఆ పిల్ల కోరిక. ఆ చదువుకు పేరున్న యూనివర్సిటీ కూడా ఒక్కటే.

ఆ యూనివర్సిటీ ఏటా రెండు విడతలుగా పిల్లల్ని తీసుకుంటుంది. ముందు విడతలో దరఖాస్తు పెట్టేవాళ్లు ఇంకెక్కడా పెట్టకూడదు, సీటొస్తే చేరి తీరాలి. అందుకని అందులో పోటీ తక్కువ, ఏడుగురిలో ఒకరికి సీటు దొరుకుతుంది. మూడు నెలల తర్వాత వచ్చే రెండో విడతలో ముప్ఫై మందికి ఒకటి. ఫస్టు ఈ రెండు అంకెలనూ రాసి మంచం పక్కన గోడకు అంటించుకుంది. తన దరఖాస్తు తను ఎప్పుడో పంపేసింది. ఇక నాలుగేళ్ల మార్కులూ, టీచర్ల ఉత్తరాలూ స్టాంపు వేసి బడి ఆఫీసు పంపాలి. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు.

ఆ శుక్రవారం ఐదు గంటల ఆరు నిమిషాలకు స్టాంపు మేడమ్ చేతిలో ఒక ఫైలు మిగిలిపోయింది. అది ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

"అమ్మా!"

గదిలోంచి ఫోను పట్టుకుని వచ్చింది ఫస్టు. "స్కూలు పేపర్లు అందలేదని చూపిస్తోంది. నువ్వు పంపావుగా?"

"ఆ రోజు... చాలా రద్దీగా ఉందమ్మా. వెబ్‌సైటు మూసేశారు," అంది నీళ్లు నములుతూ.

"ఎంతమందివి ఉన్నాయి?"

"పద్నాలుగు."

"ఎన్ని వెళ్లాయి?"

ఆవిడ స్టవ్ మీద ఏమీ లేకపోయినా అటు తిరిగి నాబ్ సరిచేసింది. "పదమూడు."

ఆ పిల్ల ఫోను బల్ల మీద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "నాది నాలుగో నంబరు. నీ చేత్తోనే నంబరు వేయించుకుని అరగంట బెంచీ మీద కూర్చున్నాను. పద్నాలుగో నంబరు ఎప్పుడొచ్చింది?"

"శుక్రవారం మధ్యాహ్నం. వాళ్ల అబ్బాయి పుట్టినతేదీ తప్పు పడిందని వాళ్ల నాన్న పరిగెత్తుకొచ్చాడు, పాపం. అది దిద్ది పంపేసరికి..."

"పాపమా? మరి నేనెవర్నమ్మా?"

"అది కాదే. సొంత కూతురి పని ముందు చేసుకుందని రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే?"

"ముందు ఎవరు చెయ్యమన్నారు నిన్ను?" ఫస్టు గొంతు ఒక్కసారిగా లేచింది. "నాలుగోది నాలుగోదిగా చెయ్యమన్నాను, అంతేగా!"

తండ్రి కుర్చీలోంచి సగం లేచాడు. "ఫస్టూ, రెండో విడత ఉందిగా తల్లీ. నీ మార్కులకి..."

"ముప్ఫైలో ఒకటి నాన్నా! అక్కడికొచ్చే ముప్ఫై మందీ వాళ్ల వాళ్ల బడుల్లో ఫస్టులే!" మళ్లీ తల్లి వైపు తిరిగింది. "నాలుగో క్లాసులో నాకు జ్వరమొస్తే టీచరు నీ దగ్గరికి పంపారు. గుర్తుందా? ఇంటర్వెల్ అయ్యేదాకా ఆ బెంచీ మీద పడుకోబెట్టావు. లైబ్రరీ కార్డు బడి మొత్తంలో నాకే ఆఖర్న ఇచ్చావు. నేనెప్పుడైనా నోరెత్తానా? మా అమ్మ నిజాయితీపరురాలని అందరికీ చెప్పుకున్నాను. శుక్రవారం నుంచీ నీకు తెలిసి కూడా నాకు చెప్పలేదు, అదేం నిజాయితీ? క్లాసులో ఫస్టు, నీ దగ్గర మాత్రం ఎప్పుడూ లాస్టు!"

సంచీ భుజానికి తగిలించుకుని, ఏమీ తినకుండానే వెళ్లిపోయింది. తలుపు గట్టిగా కూడా వెయ్యలేదు. వేసినా బాగుండుననిపించింది తల్లికి.

మెకానిక్ బల్ల దగ్గరే కూర్చుని పళ్లెంలో పెంకు ముక్కల్ని వేలితో ఒకచోటికి చేర్చాడు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"ఒక మాట అడుగుతాను, కోప్పడకు," అన్నాడు. "నా తమ్ముడు నాలుగో అంతస్తులో ఉంటున్నాడని లిఫ్టు నాలుగులో ఆగకుండా చేశాననుకో. దాన్ని నిజాయితీ అంటారా, రిపేరు చెయ్యాల్సిన జబ్బంటారా?"

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, చెప్పులేసుకుని బయల్దేరింది.

ఆఫీసు తెరిచి ముందుగా రిజిస్టరు తీసింది. ఒకటి, రెండు, మూడు, వాటి పక్కన పంపినట్టు టిక్కులు. నాలుగో గడి ఖాళీ. అయిదు నుంచి పద్నాలుగు దాకా మళ్లీ టిక్కులు. ఇన్నేళ్లుగా తన కళ్లెదుట ఉన్న రిజిస్టరే అది. వేరే ఏ గుమస్తా అయినా ఒక పిల్ల వంతు దాటేసి పదిమందివి ముందు పంపి ఉంటే తను ఊరుకునేదా? ఏకి పారేసేది. మేనల్లుడని ఒకడు నిబంధన తప్పాడు, కూతురని తను తప్పింది. అతనిది ఆశ, తనది భయం. ఎటు తప్పినా తప్పు తప్పే కదా అనుకుంటే ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

ఫైలు పట్టుకుని తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన అప్పటికప్పుడు యూనివర్సిటీకి ఫోను చేశాడు. అయిదు నిమిషాలు మాట్లాడి పెట్టేశాడు.

"పొరపాటు విద్యార్థిది కాదు, బడిదే అని రాతపూర్వకంగా ఇస్తే మధ్యాహ్నం పన్నెండు దాకా తీసుకుంటారట. కారణం వివరంగా రాసి, బాధ్యులు సంతకం పెట్టాలి. స్కానరు పాడైందని రాసేద్దామా మేడమ్? అది ఎలాగూ వారానికోసారి పాడవుతూనే ఉంటుంది."

"శుక్రవారం అది బాగానే పనిచేసింది సార్."

"తెలుసు. కానీ మీరు నిజం రాస్తే నేను మీ సర్వీసు ఫైల్లో ఎక్కించక తప్పదు. ఇన్నేళ్లకి ఒక్క మచ్చ లేదు మీకు. ఒకసారి ఆలోచించుకోండి."

"ఆలోచించుకునే వచ్చాను సార్," అంది. కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది, అక్షరాలు ఎప్పటిలాగే పొందిగ్గా వచ్చాయి.

'ఈ విద్యార్థిని రిజిస్టరులో నాలుగవది. ఆమె వంతు వచ్చినప్పుడు ఆమె పత్రాలు పంపక, తర్వాత వచ్చిన పదిమందివి ముందు పంపాను. ఆమె నా కూతురు కావడం తప్ప ఇందుకు మరో కారణం లేదు. తప్పు పూర్తిగా నాది. విద్యార్థినికి దీనివల్ల నష్టం కలగనివ్వవద్దని ప్రార్థన.'

కింద సంతకం పెట్టి, పక్కన స్టాంపు వేసింది. పదకొండున్నరకు అన్నీ వెళ్లిపోయాయి. పావుగంటకు అందినట్టు జవాబొచ్చింది. అప్పుడు గానీ ఆవిడ మంచినీళ్లు తాగలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఉత్తరం నకలు కూతురి బల్ల మీద పెట్టింది. ఫస్టు చదివింది. చదివి మడతపెట్టి, వానల నోటుపుస్తకంలో దాచుకుంది. "అన్నం తిందాం రా," అని మాత్రం అంది. మెకానిక్ మాటలు కలపాలని చూశాడు, జోకులేశాడు, ఆయన జోకులకు ఆయనే నవ్వుకున్నాడు. తల్లీకూతుళ్ల మధ్య మాటలు అవసరానికి మించి సాగలేదు.

ఆరు వారాలకు ఫలితం వచ్చింది. సీటు ఇవ్వలేదు, కాదనీ అనలేదు. నిర్ణయం వాయిదా వేశామనీ, ఈ అర్ధసంవత్సరం మార్కులు పంపితే రెండో విడతలో మళ్లీ చూస్తామనీ రాశారు.

"నేను ఆలస్యం చెయ్యడం వల్లేనా?" అంది తల్లి, గుండె చిక్కబట్టుకుని.

"కాదు. పేపర్లు గడువులోపు వచ్చినట్టే చూశామని రాశారు. చాలామందివి ఇలాగే ఆపారట." ఆ పిల్ల కిటికీలోంచి జామ్ సీసా వైపు చూస్తూ చెప్పింది. "ఏడుగురిలో ఒకరంటే, ఆరుగురికి రాదనేగా."

అంత నిబ్బరంగా చెప్పిన పిల్ల గదిలోకి వెళ్లి వెక్కి వెక్కి ఏడవడం గోడ ఇవతల నుంచి వినిపించింది. తల్లి తలుపు దాకా వెళ్లింది, తట్టడానికి ధైర్యం చాలక అక్కడే నిలబడిపోయింది.

అర్ధసంవత్సరం మార్కులు వచ్చిన రోజు ఆఫీసు కిటికీ ముందు బెంచీ నిండిపోయింది. నంబర్లు వేసుకుంటూ వెళ్తున్న స్టాంపు మేడమ్ ఆరో నంబరు దగ్గర తలెత్తింది. కిటికీ అవతల ఫస్టు ఉంది. "మార్కుల పత్రం కావాలి మేడమ్," అని, చీటీ తీసుకుని వెళ్లి బెంచీ చివర కూర్చుంది. కూర్చుని పుస్తకం తెరిచింది. సాయంత్రం దాకా ఆగడానికి సిద్ధపడి తెచ్చుకున్న లావుపాటి పుస్తకమది.

ఒకటి అయింది. రెండు, మూడు, నాలుగు, అయిదు అయ్యాయి.

"ఆరో నంబరు!"

ఫస్టు పుస్తకంలోంచి తలెత్తలేదు. తనను కాదనుకుంది.

ఏడో నంబరు చీటీ పట్టుకున్న పెద్దమనిషి లేచి కిటికీ దగ్గరికొచ్చాడు. "మీ అమ్మాయేగా మేడమ్? ఇంటి పని సాయంత్రం చూసుకోవచ్చు. నాకు కొంచెం తొందర, నాది కానిచ్చేయండి."

ఒకప్పుడైతే ఆవిడే ఆ మాట అని ఉండేది.

"ఇది ఇంటి పని కాదండీ," అంది స్టాంపు మేడమ్, బెంచీ చివరిదాకా వినబడేలా. "వంతు ఆ అమ్మాయిది. తన తర్వాతే మీది, దయచేసి కూర్చోండి. ఆరో నంబరూ!"

ఫస్టు లేచింది. కిటికీ దాకా నాలుగడుగులే, కానీ ఎక్కడ పొరపాటు జరిగిందోనన్నట్టు చీటీ వంక రెండుసార్లు చూసుకుంటూ వచ్చింది. చీటీ లోపలికి అందించి నోరు తెరిచింది, మేడమ్ అనబోయింది.

"అమ్మా," అంది.

పదకొండేళ్లలో ఆ కిటికీ దగ్గర ఆ మాట వినబడడం అదే మొదటిసారి.

"చెప్పు తల్లీ," అంది ఆవిడ. ఇంకేం మాట్లాడినా ఏడుపొచ్చేస్తుందని పత్రం ముందుకు లాక్కుని, మార్కులు ఒక్కొక్కటీ సరిచూసి, సంతకం పెట్టి, స్టాంపు వేసింది. కూతురి ఎదురుగానే స్కాను చేసి యూనివర్సిటీకి పంపింది. రిజిస్టరులో ఆరో గడిలో టిక్కు పెట్టి, ఆ పేజీని కూతురి వైపు తిప్పి చూపించింది.

ఫస్టు ఆ టిక్కు మీద వేలు పెట్టి చూసింది. కళ్లనిండా నీళ్లున్నాయి, పెదాల మీద నవ్వుంది.

"సీటు వస్తుందో రాదో తెలీదమ్మా."

"తెలీదు," అంది తల్లి చెంపలు తుడుచుకుంటూ. "వచ్చినా రాకపోయినా, నీ వంతు మాత్రం ఇంకెప్పుడూ దాటనివ్వను."

"సరేలే, ఏడో నంబరు పిలువు. ఆయనకి తొందరట," అంది ఫస్టు, ముక్కు ఎగబీల్చి.