రెజెప్ వంతు పూడిక

ఆము దరియా నది ఒడ్డున ఉన్న ఆ పట్టణానికి కాలువే వీధి, కాలువే బజారు. కర్బూజాల పడవలు ఇళ్ళ గుమ్మాల ముందే ఆగుతాయి. ఏటా చలి తగ్గుముఖం పట్టగానే నీళ్ళు ఆపేసి పూడిక తీస్తారు. ఇంటికొక మగవాడు వచ్చి ఆ ఇంటి వంతు కాలువ తవ్వాలి. రాకపోతే ఆ ఏడు ఆ ఇంటి పొలానికి చుక్క నీరు వదలరు.

సపర్‌గుల్‌కు మగదిక్కు లేదు. మొగుడు రెజెప్ కిందటి కోతల్లో పడవతో సహా మునిగిపోయాడు, పాపం శవం కూడా దొరకలేదు. కూలివాణ్ణి పెట్టుకునే తాహతు ఎక్కడిది? ఉన్నదల్లా కర్బూజాలు పండే చారెడు నేల. నీళ్ళు రాకపోతే ఇక పస్తులే.

అలాంటిది, ఈ ఏడు పూడికతీత మొదటిరోజు తెల్లారేసరికి ఆమె వంతు పూడిక ఎవరో తీసేశారు! రెండోరోజూ అంతే.

"ఎవడే ఆ దొంగచాటు మగాడు? మాకూ చెప్పరాదూ!" అంది పొరుగింటి ఒగుల్‌బికె, రొట్టెలు కాల్చే తందూరు దగ్గర అందరూ వినేలా.

"నీ నోట్లో మన్నుపడ! నాకు తెలిస్తే కదా!" అంది సపర్‌గుల్.

ఆమె అనుమానమంతా కాలువ పని చూసే నీళ్ళపెద్ద మత్‌నియాజ్ మీదే. పెళ్ళాం పోయినవాడు. కొలబద్ద పట్టుకుని ఆమె వంతు దగ్గరే ఎక్కువసేపు నిలబడతాడు. ఇవాళ పూడిక తీసి రేపేం అడుగుతాడో! ఒళ్ళు మండిపోయింది. ముఖం మీదే కడిగేద్దామని మూడోరోజు పొద్దు పొడవకముందే తలుపు తీసుకుని బయటికొచ్చింది.

చుట్టూ మంచు. పచ్చి బురద వాసన. కాలువలో పార చప్పుడు... ఆగి... మళ్ళీ...

"మత్‌నియాజ్ అన్నా... నువ్వేనా?"

పార ఆగిపోయింది.

"ఇక్కడున్నాను చెల్లెమ్మా." గొంతు ఆమె వెనకనుంచి వచ్చింది. "నీ దగ్గరికొచ్చే మగాడెవడో పట్టుకుందామనే నేనూ వచ్చాను."

ఆమె గిర్రున వెనక్కి తిరిగింది.

ఇద్దరూ గట్టెక్కి చూశారు. కాలువలో ఎవరూ లేరు. వంతు పూర్తయింది. కానీ గట్టును కోసుకుంటూ మోకాలి లోతు కొత్త గాడి ఒకటి... నేరుగా సపర్‌గుల్ ఇంటి గోడ కిందికి.

"నా ఇంట్లోకి తవ్వేస్తున్నాడన్నా!"

మత్‌నియాజ్ వంగి మట్టి తడిమాడు. ముప్పై ఏళ్ళుగా పారగాట్లు చూస్తున్న మనిషి. చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"లోపలికి కాదమ్మా..." అన్నాడు గుసగుసగా. "లోపల్నించి బయటికి తవ్వుకుంటూ వచ్చాడు. ఈ పారగాటు రెజెప్‌దే."

ఆ గోడకు అవతల ఆమె పడక. మూడు రాత్రులూ అక్కడే పడుకుంది.

అప్పుడే ఇంటి తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.