ఐదుంపావుకే మాయమైన నోట్స్

విద్యను దొంగలు ఎత్తుకుపోలేరని పెద్దలంటారు. చిన్నప్పటి నుంచి వింటున్నాను. నమ్ముతూనే ఉన్నాను. అయినా ఒక సందేహం ఏళ్ల తరబడి నన్ను వదలడం లేదు. ఎత్తుకుపోలేరు, సరే. పక్కవాడికి అందకుండా చేయలేరా? అలా చేసినవాణ్ని ఏమనాలి? దేవుడికి తెలిసే ఉంటుంది. నాకు మాత్రం తెలియదు.

సోమవారం. ఉదయం ఆరు నలభై. నర్సింగ్ కాలేజీ హాస్టల్, పన్నెండో నంబరు గది.

పెద్దక్క ట్యాబ్ తెరిచింది. నోట్స్ యాప్ నొక్కింది.

తెల్లటి తెర. ఒక్క పేజీ లేదు.

ట్రాష్ నొక్కింది. అదీ ఖాళీ.

నైట్ డ్యూటీ చేసి వచ్చిన కళ్లు. తప్పు చూశానేమో అనుకుంది. కళ్లు నులుముకుంది. మళ్లీ చూసింది. తర్వాత మంచం మీద కూలబడింది.

ఆమె వయసు ముప్పై ఆరు. పదేళ్లు బట్టలు కుట్టింది. నడుము పోయింది. భర్త కూడా పోయాక, పాపను తల్లి దగ్గర వదిలి ఈ చదువులో చేరింది. క్లాసులో మిగతా పదకొండు మందీ ఇరవై దాటని పిల్లలు. అందరికీ ఆమె పెద్దక్కే.

మూడేళ్లలో నాలుగు వందల పన్నెండు పేజీలు రాసింది. గుండె బొమ్మలు, మందుల మోతాదులు, పెద్ద నర్సులు వార్డులో చెప్పిన చిట్కాలు. ఒకసారి చదివితే గుర్తుండే వయసు కాదు. ఆమె జ్ఞాపకశక్తి అంతా ఆ యాప్‌లోనే ఉంది.

పరీక్షలు ఇంకా తొమ్మిది రోజులు. తప్పితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. మళ్లీ కుట్టుమిషనే.

*

హాస్టల్ నుంచి ఫోన్ వెళ్తే, పదకొండున్నరకు సైబర్ సెల్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ప్రిన్సిపాల్ గుమ్మంలోనే అడ్డం పడ్డాడు.

"మేడమ్, ఇది పోలీసు కేసంటారా? నోట్సే కదా పోయింది. బయటికి తెలిస్తే కాలేజీ పేరు..."

"మీ కాలేజీ పేరు నేను అడగలేదు సార్. స్టడీ హాలు ఎటు?"

హాల్లో పన్నెండు మందీ ఉన్నారు. పదకొండు మంది ఏడుస్తున్నారు. పెద్దక్క ఏడవడం లేదు.

"ఎవరి నోట్స్ పోయాయి?" అంది ఇన్‌స్పెక్టర్.

"మా అందరివీ మేడమ్!"

"అందరూ రాశారా?"

"అక్క రాసేది. మేము చదువుకునేవాళ్లం," అంది ఒకమ్మాయి నెమ్మదిగా. వెంటనే ఇంకో గొంతు లేచింది. "అయినా ఆ యాప్ ఎందుకు తీసుకున్నావక్కా? ఏ కాపీయో దాచుకోవాలి కదా? ఇప్పుడు మా గతేంటి?"

ఇన్‌స్పెక్టర్ ఆ పిల్ల వైపు ఒక్క క్షణం చూసింది. కంచంలో వెంట్రుకను చూసినట్టు చూసింది.

"యాప్ ఎవరు ఎంచుకున్నారు?"

చివరి బెంచీలోంచి కళ్లజోడు అమ్మాయి లేచింది. నెలకో యాప్ మారుస్తుందని అందరూ ఆమెను యాప్‌ల పిచ్చి అంటారు.

"నేనే మేడమ్. ఉచితంగా వచ్చేవాటిలో పెన్నుతో రాస్తే అక్షరాలు వంకర పోతాయి. ఒకదాంట్లో బొమ్మలు పెట్టనివ్వరు. ఇది మంచిది. నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. కాకపోతే డబ్బు కట్టాలి. పన్నెండు మందీ వేసుకుని ఒకే అకౌంట్ తీసుకున్నాం."

"ఒకే పాస్‌వర్డ్?"

"ఒకటే."

"అంటే చదివే హక్కూ, చెరిపే హక్కూ అందరికీ ఉన్నాయన్నమాట."

"అలా ఎందుకు అనుకుంటాం మేడమ్..."

ఇన్‌స్పెక్టర్ అడిగినదానికి యాప్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. చెరిపివేత తమ సర్వర్‌కు అందిన సమయం ఆరు గంటల ఒక నిమిషం. చేసింది ఉమ్మడి అకౌంట్. ట్రాష్ కూడా ఖాళీ చేశారు కనుక తిరిగి తేలేమట.

పన్నెండు మందికీ ఒకటే పేరు. అందరూ దొంగలే. ఎవరూ దొంగ కాదు.

*

విచారణ మొదలైంది. ఒక్కొక్కరిగా.

మొదట బంగారం. క్లాస్ ఫస్ట్. లెక్చరర్లు పెట్టిన ముద్దుపేరు. ఫస్ట్ ర్యాంకుకు అనుబంధ ఆసుపత్రిలో పర్మనెంట్ ఉద్యోగం. ఆ ర్యాంకుకు రెండు మార్కుల దూరంలో ఉన్నది పెద్దక్క.

బంగారం కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అక్క నాకు తల్లితో సమానం మేడమ్. ఒకే కంచంలో తిన్నాం. పొద్దున్నుంచి అక్క కోసం ప్రార్థన చేయిస్తున్నాను అందరితో."

"ఎన్నింటికి చూశావు?"

"ఐదుంపావుకి. చదువుకుందామని లైటు వేసి ట్యాబ్ తెరిస్తే, అప్పటికే ఏమీ లేదు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"అక్క డ్యూటీలో ఉంది. పాపం, కంగారు పెట్టడమెందుకని..."

"రాసి సంతకం పెట్టు."

రాసింది. పెట్టింది.

తర్వాత యాప్‌ల పిచ్చి.

"ఐదు నలభైకి కిడ్నీ పాఠం చదివాను మేడమ్. బాగానే ఉంది. ఆరున్నరకి టీ తాగి వచ్చేసరికి లేదు."

"ఐదుంపావుకే పోయిందని ఒకరు చెప్పారు."

అమ్మాయి ముఖం పాలిపోయింది. "నేను చదివాను మేడమ్! ఒట్టు!"

తలుపు దగ్గర ప్రిన్సిపాల్ తల ఊపాడు. "దొరికింది కదండీ. ఈ పిల్లే. ఎప్పుడూ ఏదో ఒకటి కెలుకుతూనే ఉంటుంది."

"కాసేపు ఊరుకోండి సార్."

మూడో మనిషి నిద్రముఖం. పేరుకు తగ్గట్టే ఆవలిస్తూ వచ్చింది.

"నువ్వెప్పుడు చూశావు?"

"నేను చూడలేదు మేడమ్. శనివారమే ఛార్జింగ్ అయిపోయింది. ఛార్జర్ ఎక్కడో పోయింది."

"పరీక్షల ముందా?"

"అక్క చదువుతూ పైకే అంటుంది కదా. పడుకుని వింటే చాలు."

ఇన్‌స్పెక్టర్ నుదురు రుద్దుకుంది. పద్దెనిమిదేళ్ల సర్వీసు. కుళ్లిన శవాలు చూసింది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటే సరిపోయేది. ఇక్కడి కంపుకు రుమాలు చాలదు.

చివరగా వార్డెన్. చేతిలో తాళాల గుత్తి.

"రాత్రి ఫోన్లు ఎవరి దగ్గర ఉంటాయమ్మా?"

"నా దగ్గరే. తొమ్మిదిన్నరకి తీసుకుంటాను. ఆరున్నరకి ఇస్తాను."

"ట్యాబ్‌లు?"

"వాళ్ల దగ్గరే. వాటిలో సిమ్ లేదుగా. వైఫై మీదే నడుస్తాయి."

"వైఫై?"

"పదికి ఆపేస్తాను. పొద్దున ఆరుకి వేస్తాను. రిజిస్టర్‌లో సంతకం కూడా పెడతాను. ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు. నా సంగతి వీళ్లనే అడగండి, నన్నెంత తిట్టుకుంటారో."

ఇన్‌స్పెక్టర్ రిజిస్టర్ తిప్పింది. సోమవారం, ఆరు గంటలు. సంతకం.

మొదటిసారి ఆమె ముఖంలో చిన్న కదలిక.

"వైఫై ఆపండి. వెంటనే. నేను చెప్పేదాకా వేయొద్దు. ఎవరైనా ఒక ఛార్జర్ తెండి."

*

సాయంత్రం ఐదు. స్టడీ హాల్లో మళ్లీ అందరూ. బల్ల మీద ఛార్జర్‌కు తగిలించిన ఒక ట్యాబ్.

"ఒకరు ఐదుంపావుకి నోట్స్ లేవన్నారు. ఒకరు ఐదు నలభైకి ఉన్నాయన్నారు. ఎవరు అబద్ధం?"

"ఇదే!" ప్రిన్సిపాల్ వేలు కళ్లజోడు అమ్మాయి వైపు లేచింది.

"ఇద్దరూ నిజమే చెప్పారు."

"ఈ యాప్ ప్రతి ట్యాబ్‌లో ఒక కాపీ పెట్టుకుంటుంది. నెట్ లేనప్పుడు ఎవరి కాపీ వారిదే. ఒక ట్యాబ్‌లో చెరిపేస్తే మిగతావాటికి తెలియదు. నెట్ రాగానే తెలుస్తుంది. అప్పుడు అన్నీ ఖాళీ అవుతాయి. రాత్రి పది నుంచి ఆరు దాకా ఇక్కడ నెట్ లేదు. అందుకే ఈ అమ్మాయి ఐదు నలభైకి హాయిగా చదువుకుంది. ఆరుకి వైఫై వచ్చింది. ఆరూ ఒకటికి అందరివీ పోయాయి."

ఆమె ఆగింది.

"మరి ఐదుంపావుకే ఖాళీగా ఉన్న ట్యాబ్ ఏది? చెరిపిన ట్యాబ్ ఒక్కటే."

అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి.

"కాదు!" అంది బంగారం. "నాకు టైము సరిగ్గా గుర్తు లేదు..."

"రాసి సంతకం పెట్టావమ్మా. ఐదింటికి నీ లైటు వెలగడం పక్క మంచం అమ్మాయి చూసింది. దానికి ఒక కారణం కావాలి. అందుకే ఐదుంపావు అన్నావు. కంపెనీని అడిగి నీ ఇంకో అకౌంట్ కూడా చూశాం. నాలుగు వందల పన్నెండు పేజీలు, నీ ఒక్కదాని కోసం, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి దాచిన కాపీ. అది ఇప్పుడు కేసులో సాక్ష్యం, కోర్టు దాకా ఎవరి చేతికీ రాదు."

బంగారం ఏడుపు ఠక్కున ఆగింది. కొళాయి కట్టేసినట్టు.

"నేనేం దొంగతనం చేశాను? అందరూ ఆ నోట్సే చదివి నాతో సమానమైపోతే, నేను రాత్రులు మేల్కొని ఏం లాభం?"

"నువ్వు చదివిందీ ఆ నోట్సే."

"అక్కా!" అమ్మాయి పెద్దక్క చెయ్యి పట్టుకుంది. "నువ్వైనా చెప్పవే. నీ చెల్లెల్ని కదా."

పెద్దక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. చీర చెంగుకు తుడుచుకుంది. కుర్చీ కొంచెం అవతలికి జరుపుకుంది. అంతే.

"రేపు మంచాన పడ్డవాళ్లకి ఈ చేతులతోనా సూది వేసేది?" అని వార్డెన్ గొణిగింది.

ఇన్‌స్పెక్టర్ బల్ల మీది ట్యాబ్ చేతిలోకి తీసుకుంది. మూడు శాతం ఛార్జింగ్.

"ఇది శనివారం నుంచి చచ్చి పడుంది. ఇవాళ పొద్దున వైఫైకి దొరకలేదు. బద్ధకం కూడా ఒక్కోసారి పుణ్యం చేస్తుంది."

యాప్ నొక్కింది.

పేజీలు. వరసగా. గుండె, కిడ్నీ, మందుల మోతాదులు.

పెద్దక్క అప్పుడు ఏడ్చింది.

*

బంగారాన్ని జీపు ఎక్కించారు. ప్రిన్సిపాల్ ఫిర్యాదు మీద సంతకం పెట్టక తప్పలేదు. నెట్ తగలకుండా ప్రతి పేజీనీ ఆఫీసులో ప్రింటు తీయించింది ఇన్‌స్పెక్టర్. నోట్స్ కోసం చేతులు చాపుతూ క్యూ కట్టినవాళ్లను ఒక్క చూపుతో వెనక్కి పంపింది.

కాగితాలు సర్దుతుంటే ఒకచోట ఆమె చెయ్యి ఆగింది. ముప్పై ఏడో పేజీ. పైన తేదీ, "రక్తం ఎక్కించేటప్పుడు జాగ్రత్తలు" అనే శీర్షిక. కింద ఏమీ లేదు.

"ఇదేంటి? ఇది కూడా చెరిపారా?"

"లేదు మేడమ్," అంది పెద్దక్క. "మొదటి ఏడాది. పాపకి జ్వరమని ఇంటికి వెళ్లాను. ఆ క్లాసు నేను వినలేదు."

మూల నిలబడ్డ నిద్రముఖం తల దించుకుంది.

"నేను విన్నాను. అక్క వచ్చేలోపు రాసి పెడతానన్నాను. అక్క పేజీ వదిలి ఉంచింది." గొంతు తగ్గింది. "మూడేళ్లుగా రేపు, రేపు అంటున్నాను."

"పోనీలే, పడుకో వెళ్లి," అంది పెద్దక్క.

ఆ పిల్ల పడుకోలేదు. తన పాత పుస్తకం వెతికి తెచ్చింది. కింద కూర్చుని, తెల్లకాగితం మోకాలి మీద పెట్టుకుంది. రాసింది. కొట్టేసింది. మళ్లీ రాసింది. భోజనాల గంట మోగినా లేవలేదు.

ఎనిమిదిన్నరకు కాగితం తెచ్చి ఇచ్చింది.

పెద్దక్క వేలు పెట్టి ఒక్కో పంక్తి చదివింది.

"బొమ్మ ఏదే?"

"వెనక వేశానక్కా."

కాగితం తిప్పి చూసింది పెద్దక్క. ప్రింట్ల కట్టలోంచి ముప్పై ఏడో పేజీ తీసేసి, దీన్ని ఆ స్థానంలో పెట్టుకుంది.