దోన్కా టీచర్ చూసిన ముఖం

మిలెనా తలకు కట్టుకున్న నల్లగుడ్డ ఇంకా తీయలేదు. తండ్రి పోయి నలభై రోజులు దాటాయో లేదో, కొడుకు పోలీసుల పాలయ్యాడు. డిటెక్టివ్ కలీనా దోబ్రెవా ఆఫీసు గదిలోకి వస్తూనే, మిలెనా కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మావాడు దొంగ కాదమ్మా. కాపాడండి."

కలీనా పొద్దుతిరుగుడు గింజ ఒకటి పళ్ళ మధ్య చిట్లించింది. "ముందు కూర్చోండి. కంగారు పడకుండా చెప్పండి."

సహాయకుడు మొంచిల్ కాఫీ తెచ్చి పెట్టాడు. కలీనా గింజలు నమిలే తీరునుబట్టి కేసు ఎంత చిక్కో చెప్పగలనని అతని ధీమా. ఏళ్ళ తరబడి ఆ అంచనా తప్పుతూనే ఉంది, ధీమా మాత్రం తగ్గలేదు.

మిలెనా చెప్పింది ఇదీ. ఆమె తండ్రి గెంచో మరిత్సా నది ఒడ్డున నాలుగు వాటాల ఇంట్లో, కింది వాటాలో ఒంటరిగా ఉండేవాడు. ఆయన నలభయ్యో రోజు కార్యానికి ఆమె, కొడుకు ఆసెన్ వర్నా నుంచి గురువారం వచ్చారు. మర్నాడు పై అంతస్తులో త్సోన్యో తాత ఇంట్లో, వెండి తొడుగున్న పునీత నికొలాయ్ పటం మాయమైంది. దాన్ని చంకన పెట్టుకుని పోతున్న ఆసెన్‌ని మధ్య అంతస్తు దోన్కా టీచర్ చూసిందట. పోలీసులు ఫోటో చూపిస్తే తడుముకోకుండా "వీడే" అందట.

"ఆవిడకి మీ మీద కోపమేమన్నా ఉందా?"

"అయ్యో, లేదమ్మా! ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు, అదే మా ప్రాణాలమీదికొచ్చింది. ఊళ్ళో సగంమందికి చరిత్ర చెప్పింది. ఆవిడ మాటంటే శిలాశాసనం. కేసు వినబోయే జడ్జిగారు కూడా ఆవిడ శిష్యుడేనట."

"ఆసెన్‌ని ఇంతకుముందు చూశారా ఆవిడ?"

"ఎప్పుడూ లేదు. వాడికి చిన్నప్పట్నుంచీ వర్నాయే. ఆ శనివారం సమాధి దగ్గర నాన్న పేరుమీద ఉడికించిన గోధుమలు పంచిపెట్టి ఇంటికొచ్చాం, వాడు గడ్డం గీసుకున్నాడు. ఆదివారం పోలీసులొచ్చి తీసుకుపోయారు."

కలీనా నమలడం ఆపేసింది. కేసు తేలిపోయిందనుకున్నాడు మొంచిల్.

"గింజ చేదు," అందామె.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఆ ఇంటికి వెళ్ళారు. మొంచిల్ వీధి తలుపు లాగేసరికి అది వీధంతా వినబడేలా కీచుమంది. ఇంటి బాగోగులు చూసే కోస్తాదిన్, కింది రెండో వాటాలోంచి పరుగున వచ్చాడు.

"చంపేస్తావా ఏంటయ్యా దాన్ని! పిడి పట్టుకుని కాస్త పైకెత్తి లాగాలి. ఇదిగో, ఇలా." తలుపు పిల్లిలా కదిలింది. "చెక్క ఉబ్బింది. దీని తిక్క మా ఇంట్లోవాళ్ళకే తెలుసులే."

ఆ తలుపు మీదే గెంచో మరణవార్త కాగితం అతికించి ఉంది. వానకు ఒక మూల లేచింది. అందులోని ఫోటోలో పాతికేళ్ళ కుర్రాడు మీసం దువ్వుకుని, నున్నటి గడ్డంతో, చొక్కా పైగుండీ పెట్టుకుని నిలబడ్డాడు.

"పోయింది ముసలాయన కదా మేడం?"

"నువ్వు పోతే ఏ ఫోటో వెయ్యమంటావ్? ఇప్పటిదా?"

మొంచిల్ బట్టతల తడుముకున్నాడు. "పెళ్ళినాటిది," అన్నాడు నిజాయితీగా.

దోన్కా టీచర్ బాల్కనీలో ఎర్ర బుంగమిరపకాయలు కాలుస్తోంది. చలికాలం పచ్చడికి ఆ వారమంతా ఊరు ఊరంతా అదే పని. డెబ్భై దాటినా నడుము నిటారుగా ఉంది.

"రాజుల పట్టాభిషేకాలు ఇప్పుడు చెప్పమన్నా వరసగా చెప్తాను. నిన్నగాక మొన్న చూసిన ముఖం మర్చిపోతానా, అమ్మాయ్?"

"ఎక్కణ్ణుంచి చూశారు టీచర్ గారూ?"

"ఇక్కణ్ణుంచే. చెల్లెలు స్లావ్కాతో ఫోన్లో మాట్లాడుతూ కాయలు తిప్పుతున్నాను. వాడు వీధి తలుపులోంచి బయటికొచ్చాడు."

కలీనా కిందికి వంగి చూసింది. తలుపు సరిగ్గా బాల్కనీ కిందనే ఉంది. "మనిషి ఎలా ఉన్నాడు?"

"తలమీద టోపీ. సన్నటి మీసం. గడ్డం ఒలిచిన గుడ్డులా నున్నగా ఉంది. చొక్కా మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. బుద్ధిమంతుడి వేషం!"

"పటం పోయిందని తెలిశాక ఈ సంగతి మొదట ఎవరితో చెప్పారు?"

"కోస్తాదినే వచ్చి అడిగాడు, ఎవర్నైనా చూశారా అని. చంకలో మూటతో ఒకడు పోయాడన్నాను. 'మీసాలవాడేనా, గెంచో మనవడు? పొద్దున్నుంచీ మెట్లమీదే తచ్చాడుతున్నాడు' అన్నాడు. తర్వాత త్సోన్యోకి చెప్పాను, రొట్టెల దుకాణంలో చెప్పాను, చర్చిలో చెప్పాను. దాచాల్సిన విషయమేమన్నానా?"

"ఆ అబ్బాయి మీకు ఇంకేమన్నా ఇబ్బంది కలిగించాడా?"

"కలిగించకేం! వచ్చిన దగ్గర్నుంచి ఆ తలుపు కీచు కీచుమని నా తల వాచిపోయింది."

మొంచిల్‌కి ఆ మాటలో ఏమీ కనబడలేదు. కలీనా మాత్రం కాలిన కాయ ఒకటి అడిగి తీసుకుని, తొక్క ఒలుచుకుంటూ చాలాసేపు కూర్చుంది.

మర్నాడు అందరూ దోన్కా టీచర్ ముందు గదిలో చేరారు. ఇన్‌స్పెక్టర్ ఆసెన్‌ని వెంటబెట్టుకొచ్చాడు. కుర్రాడి కళ్ళు లోతుకు పోయాయి. మిలెనా కొడుకు చెయ్యి పట్టుకుని వదల్లేదు. త్సోన్యో తాత సోఫాలో, కోస్తాదిన్ కిటికీ దగ్గర.

కలీనా మిలెనా ఫోన్ తీసుకుని టీచర్ చేతికిచ్చింది. "శుక్రవారం పొద్దున గోధుమలు ఉడుకుతుంటే తీసిన ఫోటో. ఆ పక్కన నిలబడ్డదెవరు?"

టీచర్ కళ్ళద్దాలు సవరించుకుంది. "ఎవరో గడ్డాలవాడు."

"ఆసెన్. తాత పోయిన దగ్గర్నుంచి గడ్డం గీయలేదు, నలభయ్యో రోజు కార్యం అయ్యేదాకా మన మగవాళ్ళెవరూ గీయరు. మీరు చూసిన నున్నటి గడ్డం ఆ శుక్రవారం ఇతని దగ్గర లేదు."

టీచర్ ఫోటోని మళ్ళీ కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది.

"అయితే నేను అబద్ధం చెప్పానంటావా?" టీచర్ ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"లేదు. ఆ ముఖం మీరు చూశారు. రోజూ వస్తూ పోతూ చూశారు. వీధి తలుపు మీద, గెంచో గారి కాగితంలో. పోలిక మనవడికి దిగింది. పై నుంచి చూస్తే మీకు కనబడేది టోపీ, వీపు. మనసుకి ఖాళీ నచ్చదు టీచర్ గారూ. కోస్తాదిన్ 'మీసాలవాడా' అనగానే మీ మనసు తలుపు మీది ముఖం తెచ్చి ఆ వీపుకి అతికించేసింది. తర్వాత చెప్పిన ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా అతుక్కుంది."

కోస్తాదిన్ నవ్వాడు. "కథ బాగుంది. మరి టీచరమ్మ చూసిందెవర్నట?"

"ఆ సంగతి ఒక్కసారే విని, మళ్ళీ ఎవరికీ చెప్పని మనిషిని అడుగుదాం." కలీనా రూసే పట్నంలో ఉన్న స్లావ్కాకి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టింది. శుక్రవారం అక్క ఏమందో గుర్తుందా అని అడిగింది.

"ఎందుకు గుర్తులేదు? 'ఎవడో మూట పట్టుకుని పోతున్నాడే, ముఖం కనబళ్ళేదు' అంది. 'ఇవాళ తలుపు కీచుమనలేదేంటబ్బా, కోస్తాదిన్ నూనె పెట్టినట్టున్నాడు' అని కూడా అంది. మా అక్క బాగానే ఉంది కదా?"

మొంచిల్ చప్పున లేచి నిలబడ్డాడు. నిన్నటి తలుపు చప్పుడు చెవుల్లో మోగింది.

"ఆసెన్ లాగితే కీచుమంటుంది," అంది కలీనా. "ఎత్తి లాగడం ఈ ఇంటివాళ్ళకే తెలుసు. గెంచో గారు లేరు. టీచర్ గారు బాల్కనీలో ఉన్నారు. త్సోన్యో తాత బజారుకెళ్ళారు. ఇక మిగిలింది ఒక్కరు. ప్రతి వాటాకీ నేలమాళిగలో ఒక సామాను గది ఉంది, దానికి దారి బయటనుంచే కాబట్టి మూట అక్కడ దాచాలంటే వీధి తలుపు దాటాలి. ఇన్‌స్పెక్టర్ గారూ, కింద గదులు వరసగా తెరిపిద్దామా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కోస్తాదిన్ చెయ్యి జేబులోని తాళాలగుత్తి మీదికి పోయింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకునేసరికి అందరూ చూసేశారు.

నేలమాళిగలో అతని గదిలో, పాత తివాచీ చుట్టలో పునీత నికొలాయ్ దొరికాడు. కొనేవాడు వచ్చే ఆదివారం రావాల్సి ఉందట. త్సోన్యో తాత పటాన్ని గుండెకు హత్తుకుని, కోస్తాదిన్‌ని పల్లెత్తు మాట అనకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ కాగితం తీశాడు. "టీచర్ గారూ, పాత వాంగ్మూలం కొట్టేస్తున్నాను. చూసింది కోస్తాదిన్‌ని అని రాయనా?"

ఆమె కళ్ళు మూసుకుంది.

"విచిత్రం," అంది మెల్లగా. "ఇప్పుడు వాడి ముఖమే కనిపిస్తోంది. టోపీ కింద, స్పష్టంగా."

"నిన్న కనిపించిందా?" అడిగింది కలీనా.

"లేదు."

దోన్కా టీచర్ లేచి ఆసెన్ దగ్గరికి వెళ్ళింది. అతని చెంప నిమిరింది. మళ్ళీ మొలుస్తున్న గడ్డం అరచేతికి గరుగ్గా తగిలింది. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"ముఖం చూశానని రాయకు నాయనా. ఒక వీపు చూశాను. అంతే రాయి."