మోగని ఇటుక

మా బట్టీ గడప దగ్గర మింగ్ చక్రవర్తుల కాలపు ఇటుక ఒకటి ఉంది. రాజధాని కోటగోడ కోసం మా ఊళ్ళోనే కాల్చారు, ఎందుకో పడవ ఎక్కలేదు. దాని ఒక పక్క మీద అచ్చొత్తిన పేర్లు నాకు కంఠతా వచ్చు. చేయించినవాడు హు, కాల్చినవాడు దెంగ్, మట్టి తొక్కినవాడు ఫాంగ్. ఇటుక పగిలితే ఎవర్ని పట్టుకోవాలో ఆ రాజుకు వెతుక్కునే పని లేదు. మేం మాత్రం దానిమీద కూర్చుని అన్నం తింటాం.

మొన్న బడి గోడ కూలింది. కట్టిన మేస్త్రీ మా తమ్ముడు షిచెన్, దాని కిందే పోయాడు. ఆ గోడ ఇటుకలకు ఏడు రోజులు కాలాల్సిన బట్టీని యజమాని తాన్ అయిదో రోజే తెరవమన్నాడు. కాల్చేది నేనే, తెరవమంటే తెరిచాను. ఇప్పుడు తప్పంతా తమ్ముడి మీదకు తోసి, ఏడు రోజులూ కాలాయని నన్ను వేలిముద్ర వెయ్యమంటున్నాడు. చచ్చినవాడు నోరెత్తడని ధీమా. నా ఒళ్ళు మండిపోయింది.

వాన పట్టిన ఆ మధ్యాహ్నం, విచారణకు రేపొచ్చే అధికారులకు చూపిద్దామని, మిగిలిన ఇటుకల్లోంచి ఒకటి తీయడానికి బట్టీలోకి వెళ్ళాను. లోపల పగలు కూడా చీకటే. లాంతరు వెలుగు రెండడుగులు దాటడం లేదు. తడి బూడిద వాసన. తాన్ కాగితం పట్టుకుని నా వెనకే వచ్చాడు.

“వేలు పెట్టు, గుయ్‌లాన్. పోయినవాడు ఎలాగూ పోయాడు. నీ పిల్లల కూడు చూసుకో.”

“మా తమ్ముడు నిలువు చూసే తూకం గుండు పట్టకుండా ఒక్క వరసైనా కట్టాడా? నీ ఇటుకే పిండిలా రాలింది. ముద్ర వెయ్యను, ఫో.”

అప్పుడు వినిపించింది... టంగ్.

ఆ చివర ఎవరో ఇటుకలు కొట్టి చూస్తున్నారు. బాగా కాలింది మోగుతుంది, కాలనిది మొద్దుగా పలుకుతుంది. మేమూ అలాగే చూస్తాం. కాని ఆ చివర గోడే తప్ప దారి లేదు.

టంగ్... టంగ్... దబ్.

ఒక్కో వరసా దాటుకుంటూ దగ్గరికొస్తోంది. తొందర లేదు.

“ఎవర్రా అక్కడ?” తాన్ అరిచాడు.

చప్పుడు ఆగింది. తర్వాత దెబ్బ వాడి ఛాతీ మీద పడింది. దబ్. చెయ్యి లేదు... కర్ర లేదు... చొక్కా మీద గుండ్రంగా బూడిద అంటింది. కాగితం పారేసి వాడు వానలోకి పరిగెత్తాడు. నాకు జాలి వెయ్యలేదు. తగిన శాస్తి అనుకున్నాను.

చేతికందిన, సరిగా కాలని ఇటుక తీసుకుని బయటికొచ్చాను. గడప దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. పాత ఇటుక మీద హు లేడు. చేయించినవాడు అన్నచోట తాన్ పేరుంది. తమ్ముడి పేరు కోసం మూడుసార్లు వెతికాను. ఎక్కడా లేదు. నీ తప్పేం లేదురా, అంటూ ఏడ్చేశాను.

కాల్చినవాడు అన్నచోట నా పేరుంది.

ఆరు వందల ఏళ్ళ నాటి ఇటుక. ఆ పేరు మీద వేలు పెడితే మట్టి ఇంకా మెత్తగా, తడిగా ఉంది...

లోపల మళ్ళీ మొదటి వరస నుంచి కొట్టడం మొదలైంది.