రెండు బ్రేకుల కారు

పళ్ళ డాక్టరు ఎదురింటి తలుపు మీద రెండు చేతులతో దబదబా బాదింది.

తలుపు తీసినవాడు డ్రైవింగ్ మాస్టారు. చంకలో కర్ర, కుడికాలికి మోకాలి దాకా పిండికట్టు. ఈమధ్యే వానకు తడిసిన మెట్ల మీద జారిపడ్డాడు.

"మాస్టారూ, కారు కావాలి! మా వదినకి నొప్పులొస్తున్నాయి. అన్నయ్య ఊళ్ళో లేడు. ఈ వానకి ట్యాక్సీవాళ్ళెవరూ రామంటున్నారు."

అతను నోరు తెరుచుకుని చూశాడు. చూడడూ మరి! ఆమె తనతో మాట్లాడి మూడు నెలలైంది. అతని దగ్గరే డ్రైవింగ్ నేర్చుకుంది. చివరి రోజు క్లచ్ వదలబోయి బండిని గంతులు వేయిస్తే, "డాక్టరుగారూ, ఇది కారండీ, కప్ప కాదు" అని పగలబడి నవ్వాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. లైసెన్సు వచ్చింది, మాటలు ఆగిపోయాయి. అప్పటినుంచీ లిఫ్టులో ఎదురుపడితే ఆమె పైకప్పు చూసేది, అతను బూట్లు చూసుకునేవాడు.

"కారు నాది కాదండీ, మా మామయ్యది" అన్నాడు అతను, గోడకున్న తాళాలు అప్పటికే తీస్తూ. "డ్రైవింగ్ స్కూలు కోసం కొత్తగా కొన్నాడు. నా కాలు బాగయ్యేదాకా ఇక్కడే ఉంచమన్నాడు."

"గీత పడితే?"

"పడితే చూద్దాం. ముందు వదినగారిని కిందికి తీసుకురండి. నేనూ వస్తాను."

"మీరెందుకు?"

"నడిపేది మీరు కదా. అందుకు."

వేరే రోజైతే ఆ మాటకు పెద్ద యుద్ధమే జరిగేది. ఇప్పుడు తీరిక లేదు.

కారు బయలుదేరింది. వాన కుండపోతగా కురుస్తోంది. అద్దం మీద వైపర్లు కొట్టుకుంటున్నాయి, అంతకన్నా వేగంగా ఆమె గుండె కొట్టుకుంటోంది.

"సెకండ్ గేరు. క్లచ్ మెల్లగా..."

"నాకు తెలుసు!"

"తెలుసని నాకూ తెలుసు. ఊరికే చెప్తున్నాను."

"మీ ఇద్దరూ పోట్లాట ఆపితే, నేను ఏడవడానికి కాస్త సందు దొరుకుతుంది" అంది వెనక సీటులోంచి వదిన, పళ్ళు బిగించి.

పెద్ద రోడ్డెక్కాక ఏమైందో ఏమో, ఆమె భయం ఎటో ఎగిరిపోయింది. నీళ్ళు నిలిచిన పల్లాన్ని దాటించింది. అడ్డంగా ఆగిన లారీ పక్కనుంచి వెంట్రుకవాసిలో బండిని లాగేసింది. "శభాష్!" అని అతను అరిచాడు. హాస్పిటల్ బోర్డు కనబడగానే ఆమె చంటిపిల్లలా నవ్వింది. "వచ్చేశాం వదినా! నన్ను మేనత్తని చేసెయ్యి ఇంక!"

గేటులోకి తిప్పింది. ఎదురుగా చక్రాల స్ట్రెచర్ వచ్చింది. బండిని పక్కకు తిప్పింది. ధన్!

గేటు స్తంభం చెక్కు చెదరలేదు. కారు దీపం మాత్రం పగిలి రాలింది, ముందు బంపరు ఊడి నేల మీదికి వేలాడింది.

వదినకు ఏమీ కాలేదు. నర్సులు పరిగెత్తుకొచ్చి లోపలికి తీసుకెళ్ళారు. చీకటి పడేలోపే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఆ సంతోషానికి ఆమె వరండాలో గిర్రున తిరిగి, బెంచీ మీద కూర్చున్న మాస్టారి ముందు ఆగింది. "కారు బాగుచేయించే ఖర్చంతా నాదే."

"మీదెందుకవుతుంది? నాది."

"స్టీరింగ్ నా చేతిలో ఉంది కదా!"

"అది స్కూలు కారండీ. నా వైపూ ఒక బ్రేకుంది. తొక్కాల్సింది నేను."

"మీ కాలికి కట్టుంది."

"అది కుడికాలికి. ఎడమకాలు దుక్కలా ఉంది."

"మరెందుకు తొక్కలేదు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "స్తంభం చూసుకోలేదు."

"ఏనుగంత స్తంభాన్నా?"

అతను చంకలో కర్ర పెట్టుకుని టకటకా వెళ్ళిపోయాడు. ఆమె ఆ శబ్దం వినపడినంతసేపూ అక్కడే నిలబడిపోయింది. ఎందుకు తొక్కలేదు? ఆ రాత్రి బిడ్డ నిద్రపోయింది, బాలింత నిద్రపోయింది, మేనత్తకు మాత్రం నిద్ర పట్టలేదు.

పొద్దున ఇంటికొచ్చి తాళం తీస్తుంటే ఎదురింట్లోంచి ఉరుములాంటి గొంతు వినిపించింది.

"కొత్త బ్రాంచి నీ చేతిలో పెడదామనుకున్నానురా! ఇదా నువ్వు బండి చూసుకునే తీరు? ఎవరు గుద్దారు?"

"నేనే మామయ్యా."

"ఈ కాలుతోనా?"

"ఆఁ... ఈ కాలుతోనే."

ఆమె ఓరగా వేసి ఉన్న తలుపు తోసుకుని లోపలికి దూసుకెళ్ళింది. "అబద్ధం! గుద్దింది నేను! మా వదిన కోసం బండి ఇచ్చారు. ఖర్చు నేనిస్తాను. ఆయన బ్రాంచి ఆయనకిచ్చెయ్యండి!"

బుర్రమీసాల మామయ్య ఇద్దర్నీ ఎగాదిగా చూసి కుర్చీలో కూలబడ్డాడు. "ముప్ఫై ఏళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను. గుద్దింది నేను కాదంటే నేను కాదని కొట్టుకున్నవాళ్ళనే చూశాను. ఇదేం చోద్యం! ఏరా, నీ పక్కన ఎంత మొద్దు కూర్చున్నా బండికి మచ్చ పడనివ్వలేదే. నిన్న బ్రేకెందుకు తొక్కలేదు?"

"రోడ్డు చూడలేదు మామయ్యా."

"మరేం చూశావు?"

మాస్టారు తల దించుకున్నాడు. "డాక్టరుగారిని."



"ఆవిడ నవ్వారు" అన్నాడు అతను, ఇక దాచి లాభం లేదన్నట్టు. "మూడు నెలలుగా ఆ ముఖం నావైపు తిరగలేదు. అంత దగ్గర్లో నవ్వు కనపడేసరికి గేటు, స్తంభం, బ్రేకు ఏవీ గుర్తులేవు. ఆ రోజు కప్ప అన్నందుకు నన్ను నేను తిట్టుకోని పూట లేదు."

ఆమె చెంపలు వేడెక్కాయి. మొన్నటిదాకా తిట్టుకున్న మనిషి మీద ఇంత ప్రేమ ఎప్పుడు చేరిందో ఆమెకే తెలియలేదు.

"నువ్వేమంటావమ్మా?" అన్నాడు మామయ్య.

"చెరి సగం పెట్టుకుంటామండీ."

"నేనడిగింది కారు సంగతి కాదు తల్లీ."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. వాన వెలిసింది. "సాయంత్రం అన్నయ్య వస్తున్నాడు" అంది మెల్లగా. "మాస్టారిని హాస్పిటల్‌కి రమ్మనండి."

మామయ్య మీసాల్లో నవ్వుకున్నాడు. "చెరి సగమే కట్టండి. బ్రాంచి వీడిదే. కానీ ఈ అమ్మాయి ఎక్కిన బండిలో పాఠాలు మాత్రం నేను చెప్తాను."

సాయంత్రం అన్నయ్య మాస్టారిని ఆపాదమస్తకం పరీక్షగా చూశాడు. "మా చెల్లెలు మాటకి రెండు మాటలు అప్పజెప్తుంది. తట్టుకోగలవా?"

"నాతో మాట్లాడని మూడు నెలలే తట్టుకోలేకపోయానండీ."

"వీళ్ళ సంగతి నాకు నిన్ననే తెలుసు" అంది మంచం మీదనుంచి వదిన. "నొప్పులు పడుతున్నాను గానీ, కళ్ళు మూసుకోలేదుగా! ఆయన్నక్కడ కూర్చోబెట్టి బిడ్డనివ్వండి. మీరు నాతో రండి, నాలుగడుగులు వేయమంది నర్సమ్మ."

అన్నయ్యా వదినా వెళ్ళాక గదిలో ముగ్గురే మిగిలారు. ఒళ్ళో బిడ్డతో అతను శిలలా బిగుసుకుపోయాడు.

"ఊపిరి పీల్చుకోవచ్చు మాస్టారూ" అంది ఆమె, పక్కన కూర్చుంటూ.

"మరి... నాకు జవాబు?"

"మీరేం అడిగారని? స్తంభం కథ చెప్పారంతే."

"ఇప్పుడు అడగనా?"

"బిడ్డ లేస్తుంది. మెల్లగా అడగండి."

అతను మెల్లగా, చాలా మెల్లగా అడిగాడు. ఆమె చెప్పిన "ఊఁ!"కు మాత్రం బిడ్డ ఉలిక్కిపడి లేచి, వరండా అంతా వినబడేలా కేరుమంది.