ఎడమ పక్క రెండంగుళాలు

నా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బండి కింద ఏం మార్చినా సరే, చివరి నాలుగు బోల్టులు మాత్రం బండి తన బరువు మీద తాను నిలబడ్డాకే బిగిస్తాను. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే లోపలి రబ్బరు బుష్షులు మెలిపడి, నెల తిరక్కుండానే చీలిపోతాయి. ట్రైలర్ లాగే బండి అయితే ఇంకో పని కూడా ఉంటుంది. ట్రైలర్ ముక్కు బండి తోక మీద ఎంత బరువు మోపుతుందో, అంత బరువుకి సరిపడా ఇసుక మూటలు డిక్కీలో పెట్టించి, అప్పుడు బండి కింద పని చేయడానికి తవ్విన గొయ్యిలోకి దిగి బిగిస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఇంతే. చాదస్తం అనేవాళ్ళు అంటారు. వాళ్ళ బండ్లు తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తాయి.

ఆ రోజు మధ్యాహ్నం మా అక్క తన పెద్ద బండి తెచ్చి షెడ్డు ముందు ఆపింది. అక్క తేనెటీగలు పెంచుతుంది. నలభై పెట్టెలు ఒకే పొడవాటి ట్రైలర్ మీద వరసగా అమర్చి, పూత ఎక్కడుంటే అక్కడికి లాక్కుపోతుంది. అందుకోసమే ఈ ఏడు సీట్ల బండిని రెండు నెలల కిందట ఒక బ్రోకర్ దగ్గర కొంది. నాకు చూపించకుండా కొంది. ఆ కోపం నాకింకా పోలేదు.

"వెనక కూలబడిపోతోందే," అంది దిగుతూనే. "ట్రైలర్ తగిలిస్తే లైట్లు రోడ్డుని వదిలేసి ఆకాశాన్ని చూస్తున్నాయి. మొన్న మలుపులో స్టీరింగు తిప్పాను, బండి తిరగలేదు. వెనక ట్రైలర్ అటూ ఇటూ ఊగి..." అని ఆగింది. మా అక్క మాట మధ్యలో ఆపే మనిషి కాదు.

"ఎప్పటికి కావాలి?"

"ఈ సాయంత్రానికి. తెల్లవారుజామున పెట్టెలున్న తోటకి పురుగుమందు కొడుతున్నారు. చీకటి పడగానే ఈగలన్నీ పెట్టెల్లోకి చేరతాయి. తలుపులు మూసి అప్పటికప్పుడు తీసుకుపోకపోతే, పొద్దున్నకి నలభై పెట్టెల్లోనూ ఒక్క ఈగ మిగలదు."

"ఈ మాట వారం కిందట చెప్పలేకపోయావా?"

"చెబితే వారమంతా తిట్టేదానివి. ఇప్పుడైతే ఒక్క పూటతో పోతుంది."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఎనిమిదేళ్ళు కూడబెట్టి పెంచుకున్న ఈగలవి. అంతకంటే ముఖ్యం, ఆ ఊగే ట్రైలర్ ముందు కూర్చునేది మా అక్క.

బండిని ఖాళీ చేయించి టేపు తీశాను. చక్రం నడిబొడ్డు నుంచి పైన రేకు అంచు దాకా కొలిస్తే కుడి పక్క ఇరవై ఒకటి. ఎడమ పక్క పంతొమ్మిది. ఖాళీ బండికి రెండంగుళాల తేడా ఉండకూడదు. ఎడమ స్ప్రింగు విరిగుంటుందనుకుని రెండూ ఊడదీసి బల్ల మీద పక్కపక్కనే నిలబెట్టాను. అచ్చు కవల పిల్లలు. ఛాసిస్‌కి దారం కట్టి మూలమూలలా కొలిచాను. ఎక్కడా వంకర లేదు.

వెనక వరసలో ఎడమ మూల సీటు మాత్రం గుంట పడి ఉంది. అరచేత్తో గట్టిగా కొట్టాను. లోపలి స్పాంజి ఉబ్బింది. నేను తల తిప్పేలోపు మళ్ళీ మెల్లగా కుంగింది. అక్కణ్నించి తడిబట్టలు మూటకట్టి మరిచిపోతే వచ్చే వాసన వచ్చింది. పాత బండ్లలో ఇవన్నీ మామూలే అనుకుని పనిలో పడ్డాను.

లావుపాటి కొత్త స్ప్రింగులు వేశాను. వాటి లోపల రబ్బరు గాలి తిత్తులు దూర్చాను. బరువు పెరిగినప్పుడు గాలి కొడితే అవి ఉబ్బి బండి తోకని పైకి ఎత్తుతాయి. వాటి గొట్టాలు కిందనుంచి కూడా అందేలా బంపరు లోపలి వైపుకి లాగాను. షాకబ్జర్లు కూడా మార్చి బండిని నేల మీదికి దింపి కొలిచాను. కుడి పక్క ఇరవై రెండున్నర.

ఎడమ పక్క ఇరవైన్నర.

స్ప్రింగులు కుడి ఎడమలు మార్చి చూశాను. అదే లెక్క. అప్పుడు నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండింది. ఇనుము నాకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"ఆ బ్రోకర్‌కి ఫోన్ చెయ్యి," అన్నాను.

అక్క స్పీకర్ పెట్టింది. వెనక ఎడమ పక్క అనగానే అవతల మనిషి గొంతు తగ్గించాడు. పక్కన ఎవరైనా వింటారేమో అన్నట్టు మాట్లాడాడు.

"ఎంత తేడా మేడమ్? రెండంగుళాలేనా? అలాగే వదిలెయ్యండి. సమానం చెయ్యొద్దు."

"ఎందుకు చెయ్యకూడదు?" అన్నాను.

"మీకు ముందు ముగ్గురు కొన్నారు. ముగ్గురూ వెనక స్ప్రింగులు మార్చారు. ముగ్గురూ బండి తెచ్చి నా గేటు బయట వదిలేసి, తాళాలు దానికే ఉంచి, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయారు."

"కొనేముందు చెప్పాలి కదయ్యా ఈ సంగతి!" అంది అక్క.

"చెబితే కొంటారా మేడమ్?" అని ఫోన్ పెట్టేశాడు.

అక్క నా వైపు చూసింది. "ఏం చేద్దామే?"

"రెండంగుళాలు కింద ఉంటే ట్రైలర్ ఊగుతుంది. ఊగితే నువ్వు చస్తావు," అన్నాను. "ఎవడికి నచ్చినా నచ్చకపోయినా ఇది సమానం కావాల్సిందే. గొయ్యిలోకి దిగుతున్నా. ఇసుక మూటలు నాలుగు డిక్కీలో పెట్టు."

అప్పటికి పొద్దు వాలుతోంది. షెడ్డు తలుపులోంచి వచ్చే వెలుతురు నేల మీద సన్నగా మిగిలింది. గొయ్యిలో ఒక్క బల్బు. పైన బండి మూతలా కప్పేస్తుంది కాబట్టి లోపలంతా గ్రీజు వాసన, ఉక్కపోత. ఎక్కి దిగే మెట్లు వెనక వైపు, సరిగ్గా డిక్కీ కింద ఉంటాయి. పానా చేతిలో పట్టుకుని ఇరుసు కింద నిలబడ్డాను.

పైన ధన్‌మని చప్పుడు. బండి వెనక కొంచెం దిగింది.

"ఒకటి," అన్నాను. "ఇంకోటి పెట్టు."

ధన్.

"అన్నీ ఎడమ పక్కకే పెడుతున్నావు. మధ్యలో పెట్టవే."

ధన్. అదీ ఎడమ పక్కకే. నాలుగోది కూడా. స్ప్రింగు కిర్రుమంది.

"చాలు."

ధన్.

"చాలన్నానా! చెవుడా నీకు?"

ధన్.

అప్పుడు వినిపించింది అక్క గొంతు. దూరంగా... షెడ్డు బయట నీళ్ళ కొళాయి దగ్గర్నుంచి.

"ఏమే, ఇసుక మూటలు ఎక్కడ పెట్టి చచ్చావు? కనపడట్లేదు!"

పానా గట్టిగా పట్టుకుని పైకి చూశాను.

పైన ఏదో సర్దుకుని కూర్చుంది. స్ప్రింగు దిగింది... లేచింది... దిగింది. నెమ్మదిగా. తీరిగ్గా. తడిబట్టల వాసన గొయ్యిలోకి దిగింది. ఛాసిస్ నా తలకి జానెడు దూరంలోకి వచ్చింది. తర్వాత బెత్తెడు. వంగాను. ఇంకా దిగింది. మెట్ల వైపు చూస్తే బంపరు నేలకి ఆనేంత కిందికి వచ్చేసింది. దారి లేదు.

"అక్కా..." అన్నాను.

గొయ్యి గోడకి నక్కాను. అలా నక్కినందుకు నాకే సిగ్గేసింది. ఆ సిగ్గులోంచి కోపం తన్నుకొచ్చింది. నా షెడ్డు. నా గొయ్యి. మా అక్క బండి. ఎవరిదసలు ఈ దౌర్జన్యం?

"కూర్చున్నావు కదా," అన్నాను పైకి చూస్తూ. "కదలకు. నాకు కావాల్సింది బరువే. మూటలు మోసే పని తప్పించావు."

కిర్రుమనడం ఆగింది.

పానా తగిలించి మొదటి బోల్టు బిగించాను. టక్. సరిపోయిందన్న గుర్తు. రెండోది. టక్. నా వేళ్ళ మీద ఛాసిస్ చల్లగా ఆనుతోంది. మూడోది. టక్. నాలుగో దానికి దాదాపు పడుకుని చెయ్యి చాచాను. టక్.

"అయింది. ఇక లే."

లేవలేదు. ఇంకో అంగుళం దిగింది.

గొయ్యి గోడకి వేలాడే కంప్రెసరు గొట్టం లాగి ఎడమ తిత్తికి తగిలించాను. పది పాయింట్లు. ఇరవై. తిత్తి ముప్పై దాటకూడదని దాని మీదే రాసి ఉంటుంది. ముప్పై ఐదు కొట్టాను. బండి అర అంగుళం లేచింది. పైనుంచి తొక్కింది. నలభై కొట్టాను. రబ్బరు ఉబ్బి స్ప్రింగు చుట్ల మధ్యలోంచి బయటికి వచ్చింది. పగిలితే ముఖం మీదే పగులుతుంది. పగిలితే పగలనీ అనుకున్నాను.

అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చింది.

"బండి దగ్గరికి రాకు అక్కా!"

వచ్చేసింది. చెప్పిన మాట ఏనాడు విన్నది గనక. డిక్కీలోకి వంగి చూసి ఉంటుంది. గుసగుసగా అడిగింది.

"కింద నువ్వున్నావా?"

"ఉన్నాను. పైన ఎవరున్నారు?"

"ఎవరూ లేరే... కానీ మూల సీటు నేలకి అంటుకుపోయి ఉంది."

"పారిపో."

"నిన్ను కింద పెట్టుకునా? నోర్మూసుకుని గాలి కొట్టు," అంది. తలుపు తెరుచుకుంది. బండి కుడి పక్క కొద్దిగా దిగింది. అక్క ఎక్కి దాని పక్కనే కూర్చుంది! "కుట్టేవాటితోనే కదే నా బతుకు. జరుగు," అంటోంది. ఆ మాట నాతో కాదు.

నలభై ఐదు. యాభై. తిత్తి సన్నగా ఈల వేసింది. చెయ్యి తియ్యలేదు.

ఉన్నట్టుండి బరువు పోయింది. బండి తోక ఒక్కసారిగా పైకి ఎగిరింది. నేను గోడకి కొట్టుకున్నాను. మెట్లకి దారి కనబడగానే పాక్కుంటూ పైకి వచ్చి, ఎడమ తిత్తిలో గాలి పదిహేనుకి దించి, కుడి దానికీ అంతే కొట్టి, అక్కని దిగమని కొలిచాను. ఇరవై మూడు. ఇరవై మూడు.

"దిగిపోయింది," అన్నాను రొప్పుతూ. "డిక్కీలోంచి పోయిందా? చూశావా?"

అక్క తల అడ్డంగా ఊపింది. ముఖం పాలిపోయి ఉంది. వేలితో నేల వైపు చూపించింది.

"కిందికి పోయింది," అంది.

గొయ్యిలోకి లైటు వేసి చూశాను. నా పనిముట్లు తప్ప ఏమీ లేవు.

ఆ బండి తప్ప మాకు ఇంకో బండి లేదు. చీకటి పడింది. తోటలో నలభై పెట్టెలూ మూసి, ట్రైలర్ తగిలించి బయల్దేరాం. నేను ముందు సీట్లో కూర్చుని దారంతా పక్క అద్దంలో ట్రైలర్‌నే చూస్తున్నాను. లైట్లు రోడ్డు మీదే ఉన్నాయి. మొన్నటి మలుపు వచ్చింది. బండి దారం పట్టి లాగినట్టు తిరిగింది. ట్రైలర్ వెంట్రుకవాసి కూడా ఊగలేదు. అక్క ఏడ్చింది. ఏడుస్తూనే నడిపింది.

నలభై కిలోమీటర్ల అవతల కొత్త పొలం చేరి, తెల్లవారేదాకా ఆగి, పెట్టెల తలుపులు తెరిచాం. ఈగలు ఎండలోకి గుంపుగా వచ్చి పూల మీదికి పోయాయి. ఒక్క పెట్టెలోనూ ఈగలు చావలేదు. అక్క చేతులు జాపి వాటి మధ్య నిలబడితే, చిన్నప్పటి మా అక్కలా కనిపించింది. మనసు నిండిపోయింది.

తిరిగి బయల్దేరే ముందు అలవాటు కొద్దీ తిత్తుల్లో గాలి చూశాను. కుడి పక్క పదిహేను. ఎడమ పక్క సున్నా. గొట్టం ఊడి వేలాడుతోంది. దాని చివర దుమ్ము పట్టి ఉంది. ఊడి చాలాసేపయింది. దారిలో ఎక్కడో ఊడింది. గాలి లేని తిత్తితో అంత ట్రైలర్ లాగితే ఎడమ పక్క కూలబడి ఉండాలి.

టేపు పెట్టాను. ఇరవై మూడు.

అక్క ట్రైలర్ విప్పేసి బండిని పది అడుగులు ముందుకి తీసి ఆపింది. బరువు పోయింది కదా, మళ్ళీ టేపు పెట్టబోతే చక్రం కింద గడ్డి నలగకుండా నిలబడి ఉంది. వంగి చూశాను. ఎడమ వెనక చక్రానికీ నేలకీ మధ్య సందు ఉంది. చెయ్యి పెట్టాను. అరచెయ్యి అటు నుంచి ఇటు దూరింది. దేనికీ తగల్లేదు. చల్లగా ఉంది.

"ఏం చూస్తున్నావే? ఎక్కు, నిద్రొస్తోంది," అంది అక్క.

ముందు ముగ్గురూ సరిగ్గా ఇది చూశాకే బండి వదిలేసి ఉంటారు. తాళాలు దానికే పెట్టి నడుచుకుంటూ పోయి ఉంటారు. నేను పోను. నా చేత్తో బిగించిన బోల్టులవి. అక్కకి ఏమీ చెప్పకుండా వెనక తలుపు తెరిచి, మూల సీటు దాకా పాకి, ఎడమ పక్క ఆ గుంటలోనే కూర్చున్నాను.

"అక్కడెందుకే? ముందుకి రా."

"నడుం వాలుస్తా. నువ్వు పోనీ."

బండి కదిలింది. అది పొలం దారి. వచ్చేటప్పుడు గుంతలకి తల పైకప్పుకి తగిలిన దారి. ఇప్పుడు ఒక్క కుదుపు లేదు. కిటికీ పక్కన గుంతలు కనబడుతున్నాయి, పోతున్నాయి. సీట్లో ఏమీ తెలియడం లేదు.

"భలే పని చేశావే," అంది అక్క సంతోషంగా. "నీళ్ళ మీద పోతున్నట్టుంది!"

నేను ముందుకి వంగాను. కాళ్ళ కింది రేకు మీద అరచెయ్యి ఆనించాను. అక్కకి వినబడకుండా, పళ్ళ బిగువున చెప్పాను.

"మా అక్కని ఇంటి దగ్గర క్షేమంగా దింపు. తర్వాత నువ్వూ నేనూ చూసుకుందాం."

బండి వెనక ఎడమ పక్క, సరేనని తలూపినట్టు, మెల్లగా కిందికి దిగి, మళ్ళీ లేచింది.

ఆ దారంతటికీ తగిలిన కుదుపు అదొక్కటే.